స్కాన్సెన్ – కృషీవల జీవన ప్రదర్శనశాల

స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోము నగరమున యూర్గోర్డెన్ అను ద్వీపము కలదు. ఆ ద్వీపమందలి గుట్టపై ఆ దేశపు నలుమూలలనుండి తెచ్చి నిలిపిన కట్టడములు దాదాపు 150 ఉన్నవి. రైతుల ఇండ్లు, ధాన్యపు కొట్లు, పశువుల సాలలు, గాలిమరలు, గంటల గోపురము, ఒక పల్లె చర్చి – వీనిలో పెక్కు ఒకప్పుడు జనులు వాడినవే. ఈ ప్రదర్శనశాల పేరు స్కాన్సెన్. ఆ మాటకు చిన్న బురుజు అని అర్థము. అచట పూర్వముండిన బురుజును బట్టి ఆ పేరు వచ్చినది. 1891 అక్టోబరు 11వ తేదీన దీనిని తెరచిరి. అటు తరువాత పోలిష్, చెక్, హంగేరియన్ భాషలలో ఆరుబయటి ప్రదర్శనశాలలన్నింటికిని 'స్కాన్సెన్' అనునదే జాతివాచకమైనది.

దీని స్థాపకుడు ఆర్టుర్ హాసేలియస్ (1833–1901). ఆయన శిల్పియు కాడు, వ్యవసాయ శాస్త్రజ్ఞుడును కాడు, భాషాపండితుడు. హావమాల్ అను ప్రాచీన కావ్యముపై పరిశోధించి 1860లో ఉప్సాలా విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. ఉపాధ్యాయుడై స్వీడిష్ భాష బోధించెను. 1869లో వర్ణక్రమ సంస్కరణకై స్టాక్‌హోములో జరిగిన సభలో ప్రముఖముగా పాల్గొనెను. అట్టివాడు 1872లో దలార్నా సీమలో సంచరించుచు, తాను మునుపు చూచిన పల్లెటూరి వేషములును పనిముట్లును కనుమరుగగుచుండుట గమనించెను. అప్పుడాయన కొనిన ఉన్ని పావడ ఒకటి ఆ మహా సేకరణకు మొదటి వస్తువు. మరుసటి యేడే నగరమున చిన్న ప్రదర్శన నెలకొల్పెను. మాటలకు వెనుకనున్న వస్తువే లేనిచో మాట యెంతకాలము నిలుచును? ఆయన తక్కిన జీవితమంతయు ఈ ప్రశ్నకు సమాధానమువలె నున్నది.

పల్లె అంత త్వరగా చెదరిపోవుటకు కారణములు లేకపోలేదు. 1827 నాటి భూవిభజన శాసనము ముక్కలు ముక్కలుగా నున్న చేలను ఒక్కొక్క రైతునకు ఒక్కచోటికి చేర్చినది. సేద్యము బాగుపడినది, కాని ఒక్కచోట గుమిగూడియుండిన ఇండ్లను విప్పి, రైతులు తమ తమ చేలకు తరలిపోయిరి. 1867–69 నాటి కరవు మరియొక దెబ్బ. 19వ శతాబ్దపు నడిమి కాలము మొదలు 1930 వరకు పది లక్షలకు పైగా జనులు దేశము విడిచి, అత్యధికులు అమెరికాకు వలసపోయిరి. హాసేలియస్ చూచినది ఈ శూన్యమునే.

ఆయన మొదట కొనిన కట్టడము దలార్నాలోని మూరా ప్రాంతపు దుంగల ఇల్లు, 1885లో కొనెను. దుంగల ఇంటికొక సౌలభ్యము కలదు. దుంగదుంగకును గుర్తుపెట్టి, విప్పి, బండ్లపై తరలించి, మరల అదే వరుసలో పేర్చవచ్చును. 1896లో దక్షిణపు హల్లాండ్ సీమనుండి ఓక్టోర్ప్ అను రైతు ఇంటిని సంపూర్ణముగా తెచ్చిరి. ముంగిలి చుట్టును నాలుగువైపుల కట్టడములు. నడుమ పొట్టిగా నివాసగృహము, దానికి ఇరుప్రక్కల ఎత్తైన కొట్లు. చూడవచ్చినవాడు ఆ ముంగిట నిలిచినంతనే, ఆ రైతునకు పశువు, పంట, పొయ్యి వేర్వేరు లోకములు కావని గ్రహించును. మరియొకచోట అడవి నడుమ వేసవి మందవిడిది కలదు. వేసవిలో స్త్రీలు పశువులను అచటికి తోలుకొనిపోయి, వెన్న, జున్ను చేయుచుండిరి. దూరముగా మేయు ఆవులను వారు పిలిచెడి పెనుగొంతు పాటకు స్వీడిష్ భాషలో ప్రత్యేకమైన పేరే ఉన్నది.

అయినను ఇట్టి ప్రదర్శనశాలకు ఒక దోషము సహజము. చక్కగా కట్టిన ఇల్లే నిలుచును; పేదవాని గుడిసె ముందే కూలును. నిలిచినదానిని మాత్రమే చూచినవాడు పూర్వకాలమంతయు సుభిక్షమని భ్రమించును. స్వీడనులో పెద్ద భూస్వాముల కింద ఏడాదికి కుదురుకొని, కూలిలో అధికభాగమును గింజలు, పాలు మొదలగు వస్తురూపమున పుచ్చుకొనిన కుటుంబములుండెను. వారిని 'స్టాటారె' అనిరి. మగవాడు కుదిరినచో భార్యయు పాలు పిదుకవలసినదే. ఆ పద్ధతి 1945లో రద్దయినది. వారు కాపురమున్న వరుస ఇల్లు హాసేలియస్ మరణించిన చాలకాలమునకు స్కాన్సెన్ చేరినది. కుటుంబమునకు ఒక గది, ఒక వంటయిల్లు; అంతే. కాని అంతకు మున్నే, 1930లలోనే, స్టాటారె కుటుంబమున పుట్టిన ఈవార్ లూ-యోహాన్సన్ తన నవలలలో వారి బ్రదుకును చిత్రించియుండెను. ఆ పేదల విషయమున సాహిత్యము ముందు నడచినది. ప్రదర్శనశాల వెనుక వచ్చినది.

మన దేశమునను ఇట్టి యత్నములు జరిగినవి. 1977లో స్థాపితమైన మానవ సంగ్రహాలయమునకు భోపాలులోని శ్యామలా కొండలపై విశాలమైన ఆరుబయటి ప్రదర్శన కలదు. అచటి గిరిజన గృహములను ఆయా జాతులవారే వచ్చి తమ చేతులతో కట్టిరి. చెన్నపట్టణమునకు దక్షిణమున ముట్టుకాడులో 1996లో తెరచిన దక్షిణచిత్రలో తమిళ, కేరళ, కన్నడ గృహములతో పాటు తెలుగునాటి చేనేతవాని ఇల్లును, కోస్తా ఇల్లును కానవచ్చును.

అయితే మనకు స్వీడనుకు లేని చిక్కొకటి కలదు. దుంగను తరలింపవచ్చును, మట్టిగోడను తరలింపజాలము. అది అలుకుచున్నంత కాలమే గోడ, అలుకుట మానిన మట్టి. తాటాకు కప్పు కొన్నేండ్లకొకసారి మార్చవలసినదే. కావున మన పల్లెలో నిలుపదగినది గోడకంటె ముందుగా ఆ గోడ పెట్టు చేయి, ఆ చేతిపనికి గల మాట.

ఈ సత్యమును గుర్తించిన కార్యమొకటి తెలుగున జరిగినది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము వ్యవసాయ పదములకే అంకితము. స్వీడిష్ పండితుడు మాటలనుండి వస్తువులకు నడచెను. మన పండితులు రైతుల కడకు నడచి వస్తువులనుండి మాటలను తెచ్చిరి. ఒకచోట నాగలియైనది రాయలసీమలో మడక. గింజలు దాచుటకు ఒకచోట పాతర, ఒకచోట గాదె, ఒకచోట పురి. గొర్రుతో విత్తు విత్తువాడు జడ్డిగములో గింజలు పోయు తీరు చూచినవారు నేడు అరుదు.

పనిముట్టు పోయినను మాట కొంతకాలము నుడికారమున తలదాచుకొనును. కాడి మోయు ఎద్దును చూడనివాడును 'కాడి కింద పడవేసినాడు' అనును. కళ్లములో చేటతో గింజలనెత్తి గాలికి పోసి పొల్లును వేరుచేయుట ఎరుగని పత్రికారచయితయు ప్రత్యర్థిని 'తూర్పారబట్టును'. ఆ నుడికారము కదలినంతకాలము కళ్లము సగము బ్రదికియున్నట్లే. కాని అర్థము తెలియక వాడిన మాట అరలో పెట్టిన పనిముట్టు వంటిది. పేరుచీటి యుండును, పని యుండదు.

స్కాన్సెన్ ఇండ్లలో నేటికిని పొయ్యి రాజవేయుదురు, రొట్టె కాల్చుదురు, ఆవులను మేపుదురు. వస్తువును దాని పనితో కలిపి చూపవలెనని హాసేలియస్ పట్టుబట్టుటయే దానికి కారణము. మన పదకోశము మాటలను దాచియుంచినది. వానిని మరల పనిలో పెట్టవలసినది కథకులు, నవలాకారులు, కవులు. పాలేరును గూర్చి వ్రాయునపుడు అతని చేతనున్న పనిముట్టుకు అతడు పెట్టుకొనిన పేరునే పెట్టినచో, ఆ మేరకు ఒక ఇల్లు నిలిచినట్లే.