పాఠశాలకు వచ్చిన నాటకము

తెలుగుదేశమున ఊరూర తిరుగు నాటకము క్రొత్తది కాదు. వీథిభాగవతులును, హరిదాసులును, తోలుబొమ్మలవారును ప్రేక్షకులున్న చోటికే కథను మోసికొని వచ్చెడివారు. మన పల్లెలందు పురాణజ్ఞానము పుస్తకములకంటె వీరివలననే యెక్కువగా వ్యాపించినది. కాని నాటకము బడివేళలో బడిలో ప్రవేశించి, పాఠములో భాగమై, పిల్లలను చూపరులుగా గాక పాత్రలుగా చేసికొనిన చరిత్ర వేరు. అది ఇంగ్లండునందు జరిగినది. దాని ప్రదర్శనపద్ధతులను, అది పెరిగి తరిగిన తీరును నేడు ముచ్చటించుకొందము.

మొదటి ప్రపంచయుద్ధానంతరము బెన్ గ్రీట్ అను నటుడు లండను పాఠశాలల పిల్లలకు షేక్స్పియరు నాటకములను ప్రదర్శించెను. స్కాట్లండునందు బెర్తా వాడెల్ 1927లో పిల్లలకొరకే ఒక నాటకబృందమును నెలకొల్పెను. ఇవి మంచి యత్నములే. కాని పిల్లలు వరుసలలో కూర్చుండి చూచుట దక్క వారికి వేరు పని లేకుండెను. 1953లో బ్రయన్ వే, మార్గరెట్ ఫాక్స్ అనువారు లండనునందు స్థాపించిన థియేటర్ సెంటర్ ఈ పద్ధతిని మార్చినది. ఎత్తైన వేదికయు, ఎదుట తెరయు పెద్దలకు తగునుగాని పసివారికి తగవని వే మతము. అతని నటులు బడి హాలులో నేలమీదనే ఆడిరి. పిల్లలు చుట్టును కూర్చుండి, నడుమనడుమ కథకు తోడ్పడిరి.

పిదప కొవెంట్రీ నగరము ముందునకు వచ్చినది. 1940 నవంబరు 14వ తేది రాత్రి జర్మను విమానముల బాంబులకు గురియై శిథిలమైన నగరమది. యుద్ధానంతరము నగరమును తిరిగి నిర్మించుకొనుచు, అచ్చటివారు 1958లో ఒక క్రొత్త నాటకశాలను తెరచిరి. యుగోస్లావియానుండి కానుకగా వచ్చిన కలపను దానియందు వాడిరి. అందుచే దానికి బెల్‌గ్రేడు నాటకశాల యని పేరు పెట్టిరి. 1965లో గోర్డన్ వాలిన్స్ మొదలగువారి పూనికతో, నగరపాలకుల ధనసాహాయ్యముతో, ఆ నాటకశాలనుండి ఒక చిన్న జట్టు పాఠశాలలకు బయలుదేరినది. బడులు దీనికి రుసుము చెల్లింప నక్కరలేదు. జట్టులోని వారు నటించుటయు, బోధించుటయు రెండును ఎరిగినవారు. వారిని మనము నటోపాధ్యాయులని పిలువవచ్చును.

వారి పనితనము చూడ సులభము, చేయ కష్టము. సామగ్రి యంతయు ఒక్క మోటారుబండిలో పట్టవలెను. అదే హాలులో మధ్యాహ్నమున భోజనపు బల్లలు వేయవలసియుండును గాన, త్వరగా పరచి త్వరగా ఎత్తవలెను. పగటివెలుతురులో, మూరెడు దూరమున కూర్చున్న బిడ్డ యెదుట ముఖమునకు దట్టముగా రంగు పూసినచో అది వేషమని వెంటనే తేలిపోవును. గొంతెత్తి పలికినచో అది బెదరింపగును. ఒక్క టోపీ పెట్టి తీసినంతమాత్రమున నటుడు వేరొకడైనాడని పిల్లలు ఒప్పుకొందురు. వారి ఊహకు అంతకుమించిన అలంకారము బరువే. ప్రదర్శనకు ముందు ఉపాధ్యాయులతో సమాలోచన, పిమ్మట తరగతిలో చేయవలసిన పని, ఈ రెండును నాటకములో భాగములే.

వీటన్నిటికంటె ముఖ్యమైనది నటుడు ఎచ్చట ఆగవలెనో ఎరుగుట. కథ కీలకస్థానమునకు రాగానే పాత్రధారి ఒక కుర్చీలో కూర్చుండును. పిల్లలు అతనిని ప్రశ్నింతురు. అతడు తన పాత్ర యెరిగినంతమాత్రమే, ఆ పాత్ర స్వభావమున కనుగుణముగనే బదులు చెప్పవలెను. తుదకు నిర్ణయము పిల్లలకే విడువవలెను. అడిగిన ప్రశ్నకు జవాబును నటుడు ముందే నిశ్చయించుకొనియున్నచో, పిల్లలు దానిని క్షణములో పసిగట్టుదురు. అంతటితో అది నాటకము గాక ఉపదేశమగును.

1973లో కొవెంట్రీ జట్టు చిన్నపిల్లలకొరకు రూపొందించిన ‘పౌ వౌ’ ఇందుకు నిదర్శనము. టెక్స్ అను కౌబాయి ఒక అమెరికా ఆదిమవాసిని బోనులో బంధించి వింతగా చూపును. పిల్లలు మొదట కౌబాయి మాటనే నమ్ముదురు. అతడు లేని వేళ బోనులోని మనుష్యునితో స్నేహమేర్పడును. తరువాత వారెవరి పక్షము వహింపవలెను? ఆరేడేండ్ల బిడ్డలకు ఇది ఆట కాదు, ధర్మసంకటము.

పెద్ద విద్యార్థులకు 1975లో క్రెగ్, బెంట్లీ అనువారి వ్యాజ్యమును నాటకముగా చూపిరి. 1952లో క్రోయిడనునందు ఒక పోలీసు తుపాకిదెబ్బకు మరణించెను. కాల్చిన క్రెగ్ వయస్సు 16 ఏండ్లు, కావున అతనికి ఉరిశిక్ష లేదు. కాల్చని బెంట్లీకి 19 ఏండ్లు. అతనిని 1953 జనవరి 28న ఉరితీసిరి. నేరస్థుల ఈడువారే ప్రేక్షకులు. ఈ న్యాయము న్యాయమేనా యను ప్రశ్న వారి యెదుట నిలిచినది. బెంట్లీపై మోపిన నేరనిర్ణయమును అప్పీలు న్యాయస్థానము రద్దుచేసినది 1998లో. బడిపిల్లలు ఆ ప్రశ్నను అంతకు 23 ఏండ్లకు ముందే అడిగియుండిరి.

ఇట్టి పనికి ఒకమారు ఒక్క తరగతియే ప్రేక్షకసమూహము. 300 మందిని కూర్చుండబెట్టినచో ఎవరి మాటయు వినబడదు. ఈ నాటకమునకు ప్రాణమైన ఆ నియమమే దానికి గండమైనది. తలకెంత ఖర్చని లెక్కించువారికి ఇది దుబారాగా తోచినది. 1988 నాటి విద్యాసంస్కరణచట్టము పాఠశాలల ధనమును పాఠశాలల చేతికే ఇచ్చుటతో, నగరమంతటికి ఉచితముగా సాగిన సేవలకు ఆధారము సడలినది. అనేక జట్లు మూతపడినవి. కొవెంట్రీ జట్టు సైతము 1996లో ముగిసినది.

విత్తు మాత్రము నశింపలేదు. మన దేశమున ఢిల్లీయందలి జాతీయ నాటకవిద్యాలయము 1989లో విద్యారంగమునకై ప్రత్యేకముగా ఒక నాటకబృందమును ఏర్పరచినది. మన బడులలోనికి నాటకమును పిలుచువారు ఒక్క సంగతి మరువరాదు. వేదిక లేకున్నను, దీపములు లేకున్నను కొరత లేదు. బిడ్డ నోరు విప్పువరకు ఓపికతో వేచియుండు నటుడు లేకున్నచో, తక్కినదంతయు ఉండియు లేనట్లే.