బ్రాహ్మి సాగు: ఒకే పేరుతో రెండు మొక్కలు, నాటే ముందే తేల్చుకోండి

జ్ఞాపకశక్తికి, ఏకాగ్రతకు వాడే ఆయుర్వేద మందుల్లో బ్రాహ్మి పేరు ముందుంటుంది. మాత్రలు, లేహ్యాలు, తలనూనెలు తయారుచేసేవారు దీన్ని ఎండు ఆకుగా కొంటారు. వరి తప్ప మరొకటి పండని ఊట నేలల్లోనూ పెరుగుతుంది కాబట్టి చాలామంది రైతులు ఈ సాగు గురించి అడుగుతుంటారు. వారందరినీ నేను ముందుగా అడిగేది ఒక్కటే: మీరు నాటబోయేది ఏ బ్రాహ్మి?

కొన్నేళ్ల క్రితం ఒక రైతు అర ఎకరంలో బ్రాహ్మి వేశారు. పంట ఏపుగా వచ్చింది. ఎండబెట్టి బస్తాల్లో తీసుకెళితే వ్యాపారి చూసి వెనక్కి పంపారు. రైతు నాటింది సరస్వతి ఆకు, వ్యాపారికి కావాల్సింది నీటి బ్రాహ్మి. ఇద్దరూ తమ మొక్కను బ్రాహ్మి అనే పిలిచారు. నష్టం మాత్రం రైతుకే మిగిలింది.

పేరు దగ్గరే చిక్కు

మన దేశంలో రెండు వేర్వేరు మొక్కలు బ్రాహ్మి పేరుతో చెలామణి అవుతున్నాయి. మొదటిది నీటి బ్రాహ్మి. దీన్నే జలబ్రాహ్మి అంటారు, శాస్త్రీయ నామం బకోపా మొన్నియేరి. రెండోది మన సరస్వతి ఆకు. దీని సంస్కృత నామం మండూకపర్ణి, శాస్త్రీయ నామం సెంటెల్లా ఏషియాటికా. కేరళలో బ్రాహ్మి అంటే మొదటిది. ఉత్తరాదిలో చాలాచోట్ల రెండోదాన్నీ బ్రాహ్మి అనే అమ్ముతారు. భారత ఆయుర్వేద ఔషధ ప్రమాణ గ్రంథం మాత్రం వీటిని వేరుగానే చూస్తుంది: బ్రాహ్మి అంటే బకోపా, మండూకపర్ణి అంటే సెంటెల్లా.

చరక సంహిత బుద్ధిబలానికి చెప్పిన నాలుగు మేధ్య రసాయనాల్లో మండూకపర్ణి ఒకటి. మిగిలినవి అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి. ఈ శంఖపుష్పి విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఉత్తరాదిలో ఆ పేరుతో వాడేది నేలమీద పాకే వేరే మొక్క, కేరళలో వాడేది మన పెరటి శంఖుపూల తీగ.

గుర్తుపట్టడం ఎలా?

నీటి బ్రాహ్మి: ఆకులు చిన్నవి, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు, దళసరిగా, గంగవాయిలి కూర ఆకును తలపిస్తాయి. కాడకు ఎదురెదురుగా జంటలుగా, తొడిమ లేకుండా అంటుకుని ఉంటాయి. పూలు తెల్లగా లేదా లేత నీలంగా ఉంటాయి. నమిలితే బాగా చేదు.

సరస్వతి ఆకు: ఒక్కో ఆకు పొడవాటి తొడిమ మీద నిలబడుతుంది. ఆకు గుండ్రంగా, తొడిమ దగ్గర చీలికతో, అంచున చిన్న గాట్లతో ఉంటుంది. తీగ నేలమీద పాకుతూ కణుపు కణుపుకూ వేరు దిగుతుంది.

కొనేవారికి ఫోన్‌లో పేరు చెప్పి ఊరుకోకండి. మొక్క ఫొటో, గుప్పెడు ఎండు నమూనా పంపి, ఇదే కావాలని రాతపూర్వకంగా తీసుకోండి.

నేల, నాటడం

రెండూ తేమను ఇష్టపడేవే, కానీ ఒకే చోట వేసేవి కావు. నీటి బ్రాహ్మికి ఎండ, ఎప్పుడూ తడిగా ఉండే నేల కావాలి. నీరు నిలిచే వరి మడి, చెరువు కింది పల్లపు భూమి, కాలువ ఊట తగిలే చోటు అనుకూలం. సరస్వతి ఆకుకు కొంత నీడ మేలు, కాబట్టి కొబ్బరి, అరటి తోటల్లో అంతర పంటగా వేసుకోవచ్చు. తేమ ఉండాలి, నీరు మాత్రం రోజుల తరబడి నిలవకూడదు.

నీటి బ్రాహ్మిని విత్తనంతో కాకుండా కాడ ముక్కలతో నాటుకోవాలి. వేరున్న కణుపులు గల ముక్కలైతే త్వరగా నిలదొక్కుకుంటాయి. ఎకరాకు సుమారు 2 టన్నుల చివికిన పశువుల ఎరువు వేసి కలియదున్నాలి. జూన్, జులైలో 10 సెం.మీ. ఎడంతో నాటి వెంటనే నీరు పెట్టాలి. లక్నోలోని కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ, అంటే సీమాప్, ప్రజ్ఞాశక్తి, సుబోధక్ వంటి రకాలను విడుదల చేసింది. ఈ సంస్థకు హైదరాబాద్ దగ్గర బోడుప్పల్‌లోనూ పరిశోధన కేంద్రం ఉంది. నాటు మొక్కల కోసం ముందు అక్కడ అడగండి.

నాటిన 15, 20 రోజులకు మొదటి కలుపు తప్పనిసరి. ఆకులు అల్లుకున్నాక కలుపు బెడద తగ్గుతుంది. మిడతలు ఆకు తింటుంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి పిచికారీ చేయాలి. కోత ముందు రసాయన మందుల జోలికి వెళ్లొద్దు. మొక్క మొత్తం మందులోకే పోతుందని గుర్తుంచుకోండి.

ఏ నీరు పెడుతున్నారు?

నీటి బ్రాహ్మి తాను పెరిగే నీటిలోని సీసం, కాడ్మియం వంటి భార లోహాలను పీల్చుకుని ఒంట్లో నిలుపుకుంటుంది. అందుకే మూసీ లాంటి మురుగు పారే చోట్ల, ఫ్యాక్టరీ నీరు కలిసే కాలువల పక్కన దీన్ని వేయకూడదు. అక్కడ పచ్చగా, ఏపుగానే పెరుగుతుంది, కానీ పరీక్షలో తేలిపోతుంది. ఆయుర్వేద ముడిసరుకులో సీసం 10 పీపీఎం, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం దాటకూడదు. గుంటల్లో, మురుగు కాలువల్లో తనంతట తాను మొలిచిన మొక్కను కోసి అమ్మడం, ఇంట్లో వాడడం కూడా మానుకోవాలి.

కోత, ఎండబెట్టడం

నాటిన 75 నుంచి 90 రోజుల్లో మొదటి కోతకు వస్తుంది. మొదలు నుంచి నాలుగైదు సెంటీమీటర్లు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. బురద పోయేలా మంచినీటితో కడిగి, టార్పాలిన్ మీద పలుచగా పరిచి, నీడలో తిరగేస్తూ ఆరబెట్టాలి. కుప్ప పోస్తే ఒక్క రాత్రిలోనే నల్లబడి బూజు పడుతుంది. సుమారుగా ఐదారు కిలోల పచ్చి సరుకు ఎండితే కిలో అవుతుంది. పెట్టుబడి లెక్క వేసేటప్పుడు పచ్చి బరువు చూసి ఆశపడొద్దు. ఎండిన సరుకును తేమ తగలని సంచుల్లో కట్టి వీలైనంత త్వరగా అమ్మేయాలి. నిల్వ ఉన్నకొద్దీ పనిచేసే గుణం తగ్గుతుంది.

అమ్మకం ముందు, సాగు తర్వాత

దీనికి వరిలా మద్దతు ధర లేదు. ప్రతి ఊరి మార్కెట్ యార్డులోనూ కొనేవారుండరు. జాతీయ ఔషధ మొక్కల బోర్డు నడిపే ఈ-చరక్ వేదికలో కొనేవారి వివరాలు చూడవచ్చు. మొదటి ఏడాది ఐదు సెంట్లకు మించి వేయకండి. ఎండు దిగుబడి, కూలి ఖర్చు, పలికిన ధర రాసుకుని, మిగులు కనిపిస్తేనే రెండో ఏడాది పెంచండి. నాటు మొక్కలు తానే అమ్మి, పంట మొత్తం తానే కొంటానని నోటిమాటగా చెప్పేవారికి అడ్వాన్సు ఇవ్వవద్దు.

ఇంట్లో వాడేవారికి

సరస్వతి ఆకు పచ్చడి, పప్పు మనకు అలవాటైన వంటలే. నీటి బ్రాహ్మి సారంపై జరిగిన చిన్నపాటి పరీక్షల్లో, సుమారు 12 వారాలు వాడాక పెద్దవారిలో గుర్తుంచుకునే శక్తి కొంత మెరుగుపడినట్లు కనిపించింది. రెండు రోజులు తింటే పిల్లలకు మార్కులు పెరుగుతాయన్న మాట నమ్మొద్దు. కొందరికి వికారం, కడుపులో నొప్పి, విరేచనాలు కలుగుతాయి. గర్భిణులు, థైరాయిడ్, మూర్ఛ, కాలేయ జబ్బులకు మందులు వాడేవారు డాక్టరును అడగకుండా తీసుకోకూడదు. పెద్దవారిలో మతిమరుపు పెరుగుతుంటే ఆకు రసంతో కాలం గడపకుండా ఆసుపత్రిలో చూపించండి.

మీ నేలకు ఏది తగునో సందేహం ఉంటే, మొక్క పట్టుకుని దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి. లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు తెలుగులోనే మాట్లాడవచ్చు.