గుంటూరులో దొరికిన ఎర్ర గీత



ఇంటర్‌లో బామర్ శ్రేణి చదివాం కదా. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ మూడో కక్ష్య నుంచి రెండో కక్ష్యకు దిగితే 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్ర గీత వస్తుంది. దాన్నే హైడ్రోజన్ ఆల్ఫా అంటారు. నేనైతే మార్కుల కోసం బట్టీ పట్టా. ఇలాంటివన్నీ ఎక్కడో విదేశాల్లో జరిగాయి, మనకేం సంబంధం అనుకునేవాడిని. దీని చరిత్రలో గుంటూరు ఉందని డిగ్రీకొచ్చాకే తెలిసింది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి జూల్స్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయినప్పుడు అంచున ఎర్రటి మంటల్లాంటివి కనిపిస్తాయి. వాటిని ప్రామినెన్సులు అంటారు. అవి ఏంటో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలీదు. జాన్సెన్ స్పెక్ట్రోస్కోపులో చూస్తే వాటి వెలుతురు ఇంద్రధనుస్సులా పరుచుకోలేదు, విడివిడి గీతలుగా మెరిసింది. అంటే అది వేడెక్కి వెలిగే వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్.

ఇంత బాగా మెరిసే గీతలు గ్రహణం లేకపోయినా కనపడాలి కదా అని ఆయనకు తట్టింది. మర్నాడు పొద్దున సూర్యుడి అంచు మీదికి స్పెక్ట్రోస్కోపు తిప్పాడు. కనపడ్డాయి! ఎందుకంటే ఆకాశపు వెలుగు అన్ని రంగుల్లోకి పరుచుకుని పలచబడుతుంది, హైడ్రోజన్ వెలుగు మాత్రం ఒకే గీతలో నిలుస్తుంది. అక్టోబర్ 20న ఇంగ్లండ్‌లో నార్మన్ లాకయర్ కూడా గ్రహణం లేకుండానే వీటిని చూశాడు. ఇద్దరి కబురూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరింది.

హీలియం గుంటూరులోనే దొరికిందని చాలామంది రాస్తారు. పసుపు గీత ఆ గ్రహణంలో కనిపించిన మాట నిజమే. కానీ అది సోడియం గీత కాదని, కొత్త మూలకానిదని వాదించింది తర్వాత లాకయర్. గుంటూరు గొప్పతనం ఆ మర్నాటి పొద్దుదే.

ఇప్పటి హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్ చేసేదీ ఆ పనే. ఇందులో ఎటలాన్ అనే భాగం ఉంటుంది. కొంచెం వెలుతురు మాత్రమే దాటనిచ్చే రెండు అద్దాలను ఎదురెదురుగా, చాలా దగ్గరగా పెడతారు. వెలుతురు వాటి మధ్య అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఆ సందుకు సరిపోయే తరంగాలే బయటికొస్తాయి. అలా వచ్చేవి చాలా ఉంటాయి కాబట్టి, ఎర్ర గీతను మాత్రం ఉంచి మిగతావి ఆపడానికి ఇంకో ఫిల్టర్ పెడతారు. చివరికి 0.1 నానోమీటరు కన్నా సన్నని పట్టీ మిగులుతుంది. కంటికి కనిపించే వెలుతురు వెడల్పు సుమారు 300 నానోమీటర్లు, అంటే మూడు వేలల్లో ఒక వంతు కూడా లేదన్నమాట. అప్పుడే ఉపరితలం పైనున్న క్రోమోస్ఫియర్ పొర, ప్రామినెన్సులు కనిపిస్తాయి.

ఒక జాగ్రత్త. మామూలు ఎర్ర గాజు ఈ ఫిల్టర్ కాదు, దాంతో సూర్యుణ్ణి చూస్తే కళ్లు పోతాయి. సూర్యుడి కోసమే చేసిన పూర్తి పరికరంతోనే చూడాలి.

మన హాస్టల్లో ఇంటర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు బామర్ శ్రేణి దగ్గరికి వచ్చినప్పుడు ఈ గుంటూరు కథ కూడా చెప్పండి. నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.