వణికే బండి, రాబర్ట్ హుక్

నా పాత పికప్ ట్రక్కు గంటకు యాభై మైళ్ళు దాటగానే వణికేది. కొలరాడో కొండదారుల మంచులో పిల్లలను ఎక్కించుకొని తిరిగే బండి అది; నాలుగు చక్రాలూ లాగుతాయన్న ధైర్యంతోనే కొన్నాను. కొత్త టైర్లు వేయించిన వారంలోనే జబ్బు మొదలైంది కనుక నేరం వాటిపైనే మోపి, రెండుసార్లు బాలెన్సింగు చేయించాను. ఫలితం శూన్యం. అమ్మివేయబోతున్న తరుణంలో హుక్ మహాశయుడు అడ్డుపడ్డాడు.

ఒకదానికొకటి వంపుగా ఉన్న రెండు ఇరుసుల మధ్య భ్రమణాన్ని అందించే కీలును (మన మెకానిక్కులు 'క్రాస్' అనేది దీని నడిమి ముక్కనే) ఆయన 1676లో వర్ణించాడు. ఐరోపాలో చాలాచోట్ల దానిని కార్డానో పేరుతో పిలుస్తారు. కార్డానో 1550 నాటి గ్రంథంలో ఉన్నది లోపలి వస్తువు ఒరగకుండా నిలిపే వలయాల అమరిక. కాబట్టి నా ఓటు హుక్‌కే.

కీలుకన్నా దాని దోషాన్ని పసిగట్టటమే ఆయన ఘనత అంటాను. మొదటి ఇరుసు సమవేగంతో తిరుగుతున్నా, రెండవది ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పుంజుకొని రెండుసార్లు మందగిస్తుంది. వంపు 10 డిగ్రీలైతే హెచ్చుతగ్గు అటూ ఇటూ ఒకటిన్నర శాతం; 30 అయితే పదిహేను దాకా పోతుంది. నీడగడియారంలో నీడ కూడా సమవేగంతో నడవదు కదా, దాని నడకను అనుసరించటానికి ఈ దోషమే పనికివస్తుందని చూపాడు! విరుగుడు 1683లో చెప్పాడు: నడిమి ఇరుసుకు రెండు కొసలా రెండు కీళ్ళు. ఒకటి తెచ్చిన ఒడుదుడుకును రెండవది రద్దు చేస్తుంది. అయితే రెండు చోట్లా వంపు సమానంగా ఉండాలి, నడిమి ఇరుసు కొసల్లోని పంగల వంటి యోకులు రెండూ ఒకే తలంలో ఉండాలి.

1903లో అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ పేటెంటు పొందిన తరువాత ఈ కీలు మోటారు బండ్లలో గొలుసుల చోటును ఆక్రమించసాగింది.

ఇక నా బండి. అరవై మైళ్ళ వేగంలో చక్రం సెకనుకు దాదాపు 11 చుట్లు తిరుగుతుంది. వెనుక ఇరుసు నిష్పత్తి 3.73 కనుక ప్రొపెల్లర్ షాఫ్టు 42. ఫోనుతో కొలిస్తే వణుకు సెకనుకు 84కు దగ్గరగా తేలింది. చుట్టుకు రెండుసార్లు! టైర్లు నిర్దోషులు. న్యూట్రల్‌లో జారనిచ్చినా వణుకు పోలేదు కనుక ఇంజనూ నిర్దోషే.

బండి కిందకు దూరి చూద్దును కదా, యోకులు రెండూ చెరొక దిక్కున ఉన్నాయి. టైర్లతోపాటు క్రాస్ మార్చినవారు, జారుడు భాగాన్ని ఊడదీసి, కొన్ని పళ్ళు తప్పించి తిరిగి బిగించారు. వంపులు కొలిచాను, సమానమే. షాఫ్టు విప్పి యోకులను ఒకే తలంలోకి తెచ్చి బిగించటానికి ఒక ఆదివారం, రెండు వేళ్ళ చర్మం ఖర్చయ్యాయి.

మరునాడు కొండ ఎక్కుతుంటే, అద్దం మోగటం లేదేమని మా అమ్మాయి వెనుకనుండి అడిగింది.