గింజ కట్టని పువ్వు కథ



లిల్లీ అనగానే మనకు మాలలు కట్టే నేలసంపెంగ గుర్తుకు వస్తుంది. ఈ పూట చెప్పబోయేది అది కాదు. డే లిల్లీ అని మరొక మొక్క ఉన్నది. దీనికి గడ్డ ఉండదు, కండగల వేళ్లుంటవి. పొద్దున విచ్చిన పువ్వు ఆ రోజుతోనే వాడిపోతుంది. మర్నాడు పక్క మొగ్గ విచ్చుకొంటుంది. 1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి హెమెరోకాలిస్ అని పేరు పెట్టినాడు. గ్రీకులో ఒకనాటి అందమని భావం. పువ్వు ఆయువు ఒక్కరోజే గాని, దీని చరిత్ర పెద్దది.

దీని పుట్టిల్లు చైనా, జపాను ప్రాంతాలు. చైనావారు దీనిని అందానికి మాత్రమే పెంచలేదు. మొగ్గలను ఆవిరికి ఉడికించి, ఎండబెట్టి కూరల్లో వేసుకొంటారు; బంగారు సూదులంటారు. దుఃఖాన్ని మరపించే మొక్క అనీ, తల్లికి గుర్తు అనీ వారి వాడుక. అయితే ఒక్క మాట: లిల్లీ పేరున్నదల్లా కూరకు పనికిరాదు. ఇంగ్లీషులో గ్లోరీ లిల్లీ అనే మన అడవినాభి ప్రాణాలు తీసే విషము. జాగ్రత్త!

16వ శతాబ్దంలో డే లిల్లీ ఐరోపా చేరింది. అక్కడినుండి వలస కుటుంబాల వెంట అమెరికా పోయి బాటల పక్కన కూడా పాకింది. అలా పాకిన కాషాయరంగు రకంలో ఒక వింత ఉన్నది. ఎన్ని పువ్వులు పూసినా గింజ కట్టదు, పిలకలతోనే పెరుగుతుంది.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆర్లో స్టౌట్ అనే కుర్రవాడు తల్లి పెరటిలో ఈ వింత గమనించినాడు. గొడ్డుమొక్క అని వదిలివేయలేదు. 1911లో న్యూయార్కు వృక్షోద్యానంలో ఉద్యోగానికి చేరినా ఆ సందేహాన్ని విడిచిపెట్టలేదు.

చివరకు తేలినదేమంటే, మామూలు డే లిల్లీలో 11 చొప్పున రెండు జట్లు, అంటే 22 క్రోమోజోములుంటవి. ఈ రకంలో మూడు జట్లు, 33 ఉన్నవి. మూడు ఎద్దులను ఇద్దరు అన్నదమ్ములు సమంగా పంచుకోగలరా? గింజ తయారయ్యే వేళ జరిగే పంపకమూ అట్లే చెడిపోతుంది. పైగా తన పుప్పొడి తనకు పనికిరాదు. ఊళ్లలో ఉన్నవన్నీ ఒకే తల్లి పిలకలైతే వేరే జత ఎక్కడిది?

అందుకని స్టౌట్ వేరు జాతులను సేకరించినాడు. చైనాలో పాఠాలు చెప్పే ఆల్బర్ట్ స్టీవర్డ్ నాన్‌జింగ్ నుండి మొక్కలు పంపినాడు. ఏండ్ల తరబడి సంకరం చేయగా 1934లో థెరాన్ అనే ముదురు ఎరుపు రకం వెలువడింది. స్టౌట్ 1957లో కాలం చేసినాడు. నేడు పేర్లు నమోదైన రకాలు లక్షకు పైబడినవి!

మనకు దీనితో ఏమి పని అంటారా? మన అమృతపాణి, కర్పూర చక్కెరకేళి అరటులు కూడా మూడు జట్లవే. అందుకే వాటిలో గింజ ఉండదు, పిలక నాటుతాము. పిలక తల్లికి అచ్చు. తల్లి గుణమూ వస్తుంది, తల్లి రోగమూ వస్తుంది. గ్రోస్ మిషెల్ అనే ఒకే రకం అరటితో తోటలు నింపిన మధ్య అమెరికాలో, 1950ల నాటికి పనామా తెగులు ఆ తోటలను తుడిచిపెట్టింది. మన అమృతపాణికీ ఆ తెగులు భయమున్నది. కనుక తెగులు సోకిన తోట నుండి పిలక తేవద్దు; ఊరంతా ఒకే రకం వేయవద్దు.

పెరటిలో డే లిల్లీ వేయదలచినవారు ఎండ తగిలే, నీరు నిలవని చోటు చూడండి. మూడు నాలుగేండ్లకు దుబ్బు విడదీసి, వేళ్లతో కూడిన పిలకలను నాటండి. పూస్తున్న వేళ మీ ఇంటి పిల్లవాడు ఏదైనా ప్రశ్న వేస్తే కసరుకోకండి. స్టౌట్ కథ కూడా తల్లి పెరటిలో కలిగిన ఒక సందేహంతోనే మొదలైంది గదా!