కర్రీ ఎవరి మాట?

కర్రీ అనగానే ఇంగ్లీషు మాట అనుకుంటాం కదా! అది మా పక్కింటి మాటే. తమిళంలో 'కఱి'. మా సత్యవేడు 1960 ఏప్రిల్ 1న ఆంధ్రలో కలిసింది. అంతకుముందు మద్రాసు రాష్ట్రంలో చెంగల్పట్టు జిల్లా మాది. మేము ఇటొచ్చాం, తిరుత్తణి అటు పోయింది. పొయ్యి దగ్గర మాత్రం ఇప్పటికీ రెండు భాషలూ వినిపిస్తాయి.

తమిళంలో పూర్వం మిరియాన్ని కూడా కఱి అనేవాళ్ళు. ఇప్పుడు వాడుకలో కఱి అంటే మాంసం, కూరగాయలైతే 'కాయ్‌కఱి'. ఆ మాటను పోర్చుగీసువాళ్ళు, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు పట్టుకెళ్ళారు. 1747లో హన్నా గ్లాస్ అనే ఆవిడ లండన్‌లో అచ్చువేయించిన వంటల పుస్తకంలో అప్పటికే కర్రీ ఉంది. మిరియాల నీళ్ళను తమిళంలో 'మిళగుతణ్ణి' అంటారు. అది దొరల బల్లమీద 'మల్లిగటానీ' సూప్ అయింది. అందులో మాంసం కూడా వేసుకున్నారు. వాళ్ళిష్టం!

మన 'కూర' వేరు. తోటకూర, చుక్కకూర, గోంగూర... ఈ పేర్లలో కూర అంటే వంట కాదు, ఆకే. వంకాయ కూర అన్నప్పుడేమో వండింది.

దొరలకు పులుసేదో, వేపుడేదో, కూటేదో పట్టలేదు. అన్నిటికీ ఒక్కటే పేరు పెట్టారు. ఇప్పుడు ఆ పేరే కర్రీ పాయింట్ బోర్డెక్కి మన వీధికి తిరిగొచ్చింది. పప్పుగుత్తితో ఎనిపిన పులగూరను మా అమ్మాయి 'గ్రీన్ కర్రీ' అంటోంది. రెండుసార్లు వేయించుకుని తింటుంది, పేరు మాత్రం నోటికి రాదు. అందుకే వడ్డించేటప్పుడు పేరు చెప్పి మరీ వడ్డిస్తున్నా.