నాలుగు పెడళ్ల వేసవి

ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుని కలిసి తొక్కే సైకిలును టాండెం అంటారు. చక్రాలు రెండే, సీట్లు రెండు, పెడళ్లు నాలుగు. ముందు పెడళ్లనూ వెనక పెడళ్లనూ సాధారణంగా ఎడమ పక్కన ఒక చైను కలుపుతుంది. ఒకరి కాలు తిరిగితే రెండోవారి కాలూ తిరగాల్సిందే. ఒకరు ఆగితే ఇద్దరూ ఆగాల్సిందే. హ్యాండిలు, బ్రేకులు, గేర్లు ముందు కూర్చున్నవారి చేతిలో ఉంటాయి. వెనకవారికి ఉన్న హ్యాండిలు పట్టుకోవడానికే తప్ప తిప్పడానికి కాదు. వారికి ఎదురుగా కనిపించేది దారి కాదు, ముందువారి వీపు.

అందుకే ఏళ్ల తరబడి ఎవరి సైకిలు వారు తొక్కుకున్న దంపతులు కూడా ఈ బండి దగ్గరికి వచ్చేసరికి మొదటి పాఠం నుంచి నేర్చుకోవాలి. ఎక్కడానికే ఒక వరస ఉంది. ముందువారు బండికి చెరో పక్క కాలు వేసి నేల మీద నిలబడి, రెండు బ్రేకులూ బిగించి పట్టుకుంటారు. వెనకవారు ఎక్కి కూర్చుని రెండు పాదాలూ పెడళ్ల మీద పెట్టేస్తారు. ముందువారి కాలికి అనువైన ఎత్తుకు పెడలు వచ్చేదాకా వెనక్కి తిప్పి ఉంచుతారు. తర్వాత ఒక మాట, ఆ మాట మీదే ఇద్దరి తొక్కుడూ. మొదటి రెండు మూడు చుట్లలో బండి మెలికలు తిరుగుతుంది. అక్కడ జంకి కాళ్లు ఆపితే పడిపోతారు, గట్టిగా తొక్కితే నిలకడ వస్తుంది. ఆగేటప్పుడు ముందువారు మాత్రమే కాలు కింద పెడతారు. వెనకవారి పాదాలు పెడళ్ల మీదే ఉంటాయి.

ఇద్దరికీ చెరో కష్టమైన పాఠం ఉంది. వెనకవారు ఊరికే ఉండటం నేర్చుకోవాలి: మలుపు వస్తే తమంతట తాము ఒరగకూడదు, పక్కకు వంగి దారి చూడకూడదు, ఉలిక్కిపడి కదలకూడదు. ముందువారు నోరు తెరవడం నేర్చుకోవాలి. గుంత వస్తోందని, గేరు మారుస్తున్నానని, తొక్కడం ఆపుతున్నానని ప్రతిసారీ పైకి చెప్పాలి. చెప్పకుండా గుంతలోకి దించితే ఆ దెబ్బ వెనకవారి నడుముకు తగులుతుంది. కొత్త జంటల మధ్య తగువులు చాలావరకు ఈ చెప్పకపోవడం దగ్గరే పుడతాయి.

మనిషి తన కాళ్లతో నెట్టుకుంటూ పోయే రెండు చక్రాల బండిని కార్ల్ ఫాన్ డ్రైస్ 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో నడిపి చూపించాడు. 1860లలో పారిస్‌లో దానికి పెడళ్లు వచ్చాయి. 1870లలో ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తుకు పెరిగింది. ఈ యాభై అరవై ఏళ్లూ సైకిలు ప్రధానంగా ఒంటరి యువకుడి బండి. పొడుగు గౌన్లు వేసుకునే స్త్రీలకు ఆ పెద్ద చక్రం అందలేదు. జంటలకు దారి మూడు చక్రాల బండ్లు చూపించాయి. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1870ల చివర్లో ఇద్దరు పక్కపక్కన కూర్చుని తొక్కే బండ్లు తయారుచేశాడు. ఒకరి బలం ఎక్కువై మరొకరిది తక్కువైతే బండి పక్కకు లాగేస్తుంది కాబట్టి, ఆ తేడాను సర్దడానికి ఆయన వాడిన డిఫరెన్షియల్ గేరు తర్వాత మోటారు కార్లకూ పనికొచ్చింది. విక్టోరియా రాణి 1881లో స్టార్లీ మూడు చక్రాల బండ్లు రెండు తెప్పించుకోవడంతో వాటికి పెద్దింటి మర్యాద దక్కింది.

పక్కపక్క సీట్ల బండి వెడల్పు ఎక్కువ. ఇరుకు దారుల్లో పట్టదు, గాలిని ఎదురొడ్డి నిలుస్తుంది. సీట్లు ఒకదాని వెనక ఒకటిగా మారాయి. అమెరికా నుంచి వచ్చి లండన్‌లో స్థిరపడిన జోసెఫ్, ఎలిజబెత్ పెన్నెల్ దంపతులు 1884లో, పెళ్లయిన ఏడాదే, అలాంటి మూడు చక్రాల జంట బండి మీద ఫ్లోరెన్స్ నుంచి రోమ్ దాకా వెళ్లారు. ఆయన బొమ్మలు గీశాడు, ఆమె ప్రయాణం రాసింది. పల్లె రోడ్ల మీద అలా బండి తొక్కుతూ వచ్చిన స్త్రీని చూడటానికి జనం గుమికూడేవారు. దంపతులు కలిసి తొక్కుతూ దేశం చూడటం ఇలా పుస్తకాల్లోకి ఎక్కింది.

1885లో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన, రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తున్న రోవర్ సైకిలు, 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక రెండు చక్రాల టాండెం కూడా నిలదొక్కుకుంది. 1890లలో స్త్రీ కూర్చోవడానికి వీలుగా ముందు గొట్టాన్ని కిందికి దించిన బండ్లు చాలా అమ్ముడయ్యాయి. ఆమె ముందు కూర్చునేది. వెనక పురుషుడి హ్యాండిలును ఒక కడ్డీతో ముందు ఫోర్కుకు కలిపేవారు, అతడు ఆమె భుజం మీదుగా దారి చూస్తూ నడిపేవాడు. రెండు హ్యాండిళ్లూ తిరిగే ఆ ఏర్పాటు నేర్చుకునేవారికి ప్రాణసంకటం; క్రమంగా వెనక హ్యాండిలును బిగించేశారు, నడిపే పని ముందు సీటుకు ఖాయమైంది. 1892లో హ్యారీ డేక్రే రాసిన 'డెయిజీ బెల్' పాట జంట సైకిలును పెళ్లి ముచ్చటగా లోకమంతా తిప్పింది.

ఆ తర్వాతి నలభై ఏళ్లను త్వరగా దాటవచ్చు. మోజు తగ్గి, ఉన్నవారు మోటారు కార్లకు మళ్లారు. సైకిలు చవకై కార్మికుల వాహనం అయింది. జంట సైకిలు చరిత్రలో ఆగి నిలబడి చూడవలసిన చోటు 1936 నాటి ఫ్రాన్స్. 2026తో ఆ వేసవికి 90 ఏళ్లు.

1936 మే 3న ముగిసిన ఎన్నికల్లో సోషలిస్టులు, రాడికల్స్, కమ్యూనిస్టులు కలిసిన పాపులర్ ఫ్రంట్ గెలిచింది. సోషలిస్టు నాయకుడు లియోన్ బ్లూమ్ జూన్ 4న ప్రధాని అయ్యే నాటికే దేశమంతా సమ్మెలు. కార్మికులు పని ఆపి ఇంటికి పోలేదు, ఫ్యాక్టరీల్లోనే కూర్చున్నారు. యంత్రాల మధ్య పడుకున్నారు, ఆవరణల్లో అకార్డియన్ వాయించుకుంటూ నాట్యం చేశారు. దాదాపు 20 లక్షలమంది పాల్గొన్నారు. జూన్ 7 రాత్రి యజమానులూ కార్మిక సంఘాలూ ప్రధాని నివాసమైన మాతిన్యోన్ భవనంలో కూర్చుని జీతాల పెంపు మీద ఒప్పందానికి వచ్చారు. జూన్ 20న ఒక చట్టం వచ్చింది: ఒకేచోట ఏడాది పనిచేసిన ప్రతి ఒక్కరికీ జీతంతో కూడిన రెండు వారాల సెలవు. వారానికి 40 గంటల పని చట్టం దాని వెంటే వచ్చింది.

అప్పటిదాకా సెలవంటే చాలామంది కార్మికులకు జీతంలో కోత పడే రోజు. జబ్బు చేస్తేనో, పని పోతేనో తప్ప ఎండాకాలం పగటిపూట వీధి చూసే అవకాశం ఉండేది కాదు. ఇప్పుడు భార్యాభర్తల చేతికి ఒకేసారి రెండు వారాలు వచ్చాయి. ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి అన్నది కొత్త ప్రశ్న. క్రీడలు, విరామ వ్యవహారాలు చూసే ఉపమంత్రిగా బ్లూమ్ నియమించిన లియో లాగ్రాంజ్ వయసు అప్పటికి 35 ఏళ్లు. సెలవు కార్మికులకు రాకపోకల రైలు టికెట్ మీద 40 శాతం తగ్గింపు ఇప్పించాడు. ఆగస్టులో మొదలైన ఆ టికెట్లను ఆ ఏడాదే 5 లక్షలమందికి పైగా తీసుకున్నారు. చవకగా తలదాచుకోవడానికి యువజన వసతి గృహాలు ఉన్నాయి. సముద్రం ఎలా ఉంటుందో జీవితంలో మొదటిసారి చూసినవారు ఆ రైళ్లలో ఎందరో.

రైలు ఎక్కనివారు సైకిలు ఎక్కారు. ఫ్యాక్టరీకి రోజూ తొక్కుకుంటూ పోయే మగవాళ్లకు సైకిలు అలవాటే. ఎంత దూరమైనా పోగలరు. అంత దూరం తొక్కే అలవాటు లేని భార్య ఒంటరి సైకిలు మీద వెనకబడిపోతుంది, లేదా అతడు మాటిమాటికీ ఆగి చూడాలి. టాండెం మీద ఆ సమస్య లేదు. ఇద్దరి బలం ఎంతైనా చేరేది ఒకే క్షణానికి. వెనక సీటు దగ్గర పై గొట్టాన్ని కిందికి దించిన ఫ్రేములు అప్పటికే దొరికేవి. చదునైన దారిలో జంట సైకిలు ఒంటరి సైకిలు కన్నా చురుగ్గా పోతుంది, ఎందుకంటే ఇద్దరి బలానికీ అడ్డుపడే గాలి ఇద్దరి పాటి ఉండదు. ఎత్తులు వచ్చినప్పుడే దాని బరువు తెలుస్తుంది. అక్కడ ఫ్రెంచి పర్యాటక సైక్లిస్టులు ఎన్నో ఏళ్లుగా మెరుగుపరుస్తూ వచ్చిన గేర్లు పనికొచ్చాయి. సెయింట్ ఎతియెన్ నగరంలో 'వెలోసియో' అనే కలంపేరుతో రాస్తూ పత్రిక నడిపిన పాల్ ద వివీ 1930లో చనిపోయేదాకా వాటికోసం వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెగాళ్లకు, చైనును ఒక పళ్ల చక్రం మీంచి మరోదాని మీదికి మార్చే డిరెయిలర్ గేరు వాడే అనుమతి 1937లో గానీ రాలేదు. సెలవుల మీద వెళ్లే మామూలు దంపతులు అంతకుముందే దాన్ని వాడుకున్నారు.

వెనక సంచీ, పక్కన మడిచిన గుడారం, ఇద్దరికీ ఒకే రంగు ఊలు స్వెట్టర్లు: ఆ వేసవి బొమ్మ ఇదే. స్త్రీలు పొట్టి లాగులు వేసుకోవడాన్ని చూసి చిరాకుపడ్డవారున్నారు. సముద్రతీరాల్లో టోపీల కూలీలు చేరారని వెక్కిరించినవారూ ఉన్నారు. నిజానికి మొదటి ఏడాది చాలా కుటుంబాలు దూరం వెళ్లలేదు. పల్లెలో ఉన్న తల్లిదండ్రుల దగ్గరికో, పారిస్ దగ్గరి మార్న్ నది ఒడ్డుకో వెళ్లి వచ్చారు. అయినా వారిలో జంట సైకిలు మీద కదిలినవారి గుర్తే దేశం జ్ఞాపకంలో అన్నిటికన్నా గట్టిగా నిలిచింది. అది న్యాయమే. రైలు వేరొకరు నడిపేది. ఈ బండిని ఆ ఇద్దరే నడిపారు, ఎక్కడ ఆగాలో ఎప్పుడు కదలాలో వాళ్లే అనుకున్నారు.

1940లో ఫ్రాన్స్ ఓడిపోయింది. లియో లాగ్రాంజ్ ఆ జూన్ 9న యుద్ధరంగంలో చనిపోయాడు. జర్మనీకి తలొగ్గిన విషీ ప్రభుత్వం 1942 ఫిబ్రవరిలో రియోం పట్టణంలో బ్లూమ్ మీద విచారణ మొదలుపెట్టింది. సెలవులూ తక్కువ పని గంటలూ దేశాన్ని బలహీనపరిచాయన్నది ఆరోపణల్లో ఒకటి. బ్లూమ్ వెనక్కి తగ్గలేదు. ప్రధానిగా ఉన్నప్పుడు కార్యాలయం దాటి బయటికి వచ్చింది తక్కువేననీ, వచ్చినప్పుడల్లా పారిస్ శివార్ల రోడ్ల మీద పాత కార్లు, మోటారు సైకిళ్లు, జోడు స్వెట్టర్లు వేసుకుని టాండెంలు తొక్కే కార్మిక దంపతులు కనిపించేవారనీ కోర్టులో చెప్పాడు. కష్టపు బతుకుల్లోకి కాస్త వెలుతురు తెచ్చానన్న భావన అప్పుడు కలిగేదన్నాడు. ప్రాణం మీదికి వచ్చిన విచారణలో ఒక మాజీ ప్రధాని తన పాలనకు సాక్ష్యంగా జంట సైకిలును చూపించడం ఈ బండికి దక్కిన అతి పెద్ద గౌరవం. విచారణ అనుకున్నట్టు సాగడం లేదని గ్రహించి జర్మన్ల ఒత్తిడి మీద ఏప్రిల్‌లో ఆపేశారు. ఇదే కాలంలో పెట్రోలు కరువైన పారిస్‌లో సైకిలు టాక్సీలు తిరిగాయి. వాటిలో కొన్నిటిని లాగింది టాండెంలే.

యుద్ధం తర్వాత కథ ఒక దారిన నడవదు. ఫ్రాన్స్‌లో మోటారు బిగించిన సైకిళ్లు, చిన్న కార్లు వచ్చాయి. 1956లో మూడో వారం సెలవు చట్టమయ్యేసరికి దంపతులు కారు కోసం డబ్బు కూడబెడుతున్నారు. బ్రిటన్‌లోనూ అంతే. ఒలింపిక్స్‌లో 1908లో మొదలైన టాండెం వేగ పందెం 1972తో ముగిసింది. 1971లో బ్రిటన్‌లో ఔత్సాహికులు టాండెం క్లబ్బు పెట్టుకున్నారు. అమెరికాలో ఆ దశాబ్దం నుంచే కొత్త తయారీదారులు పుట్టారు. బీచిల దగ్గర, పార్కుల్లో గంటకింతని అద్దెకిచ్చే బండిగా చాలామందికి అది పరిచయమైంది.

తెలుగు ఊళ్లలో టాండెం వాడుకలోకి రాలేదు. సైకిలు మీద దంపతులంటే భర్త తొక్కడం, భార్య వెనక క్యారేజీ మీద పక్కకు తిరిగి కూర్చోవడం. స్కూటరు వచ్చాకా అదే భంగిమ. ఇద్దరి బరువూ ఒకరి కాళ్ల మీదే పడింది, వెనక కూర్చున్న ఆమెకు తొక్కే వంతు రాలేదు.

చూపులేనివారికి ఈ బండి ఇచ్చిన స్వేచ్ఛ వేరే. చూపున్నవారు ముందు, లేనివారు వెనక కూర్చుని పోటీ పడే పందేలు పారాలింపిక్స్‌లో ఉన్నాయి. పుణేకు చెందిన దివ్యాంశు గనాత్రా చూపు లేకుండానే 2016లో టాండెం మీద మనాలి నుంచి లడఖ్‌లోని ఖర్దుంగ్ లా కనుమ దాకా వెళ్లాడు. 2022లో లారా మాసీ-ప్యూ, స్టీవీ మాసీ అనే బ్రిటిష్ దంపతులు టాండెం మీద బెర్లిన్ నుంచి బయల్దేరి సుమారు ఆరు నెలల్లో ప్రపంచాన్ని చుట్టివచ్చారు.

ఇప్పుడు బ్యాటరీ మోటారు ఉన్న టాండెంలు దొరుకుతున్నాయి. మోకాళ్లు బలహీనపడ్డ వృద్ధ దంపతులు కూడా వీటి మీద ఎత్తులు ఎక్కగలుగుతున్నారు. అయితే మోటారు ఒక్కసారిగా ముందుకు లాగుతుంది కాబట్టి నేర్చుకునేటప్పుడు దాని సాయాన్ని అతి తక్కువకు తగ్గించి, ముందువారి రెండో పాదం కూడా పెడలు మీదికి చేరాకే పెంచుకోవాలి.